చేతుల వరకే

"చెయ్యెత్తండి సార్," అన్నాడు మాస్టరు.

హోటల్ మేనేజరు చెయ్యెత్తాడు. చేతితోపాటు కోటంతా లేచింది. నడుం దగ్గర చొక్కా బయటపడింది. కాలరు వెళ్ళి చెవులకు తగిలింది. అద్దంలో ఆ ఆకారాన్ని చూసుకుని మేనేజరు చెయ్యి దించాడు గానీ కోటు పూర్తిగా దిగలేదు. భుజాల మీద ముద్దగా నిలబడిపోయింది.

"మా కుర్రాళ్ళు రోజంతా పళ్ళేలు మోస్తారండీ. ఇది తొడుక్కుని వడ్డిస్తే, వచ్చినవాళ్ళు తిండి మానేసి వీళ్ళ బొడ్లు చూస్తూ కూర్చుంటారు," అన్నాడు మేనేజరు. "అన్ని కోట్లూ ఇలాగే ఉన్నాయి. నేను తీసుకోను."

మాస్టరు చిన్నగా నవ్వాడు. తప్పు తనది కాదని ముందే తేల్చుకున్నవాడి నవ్వు అది. మెడలో టేపు సర్దుకుని, షాపు వెనక వరసగా ఉన్న మిషన్ల వైపు తిరిగి, "చేతులూ, ఇలా రా," అని పిలిచాడు.

ఒక మిషను ఆగింది. నలభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి ఒళ్ళోని దారపు ముక్కలు దులుపుకుంటూ లేచి వచ్చింది. కోటుకి చేతులు కుట్టి అతికించడం ఆమె పని. అందుకని ఆ షాపులో ఆమె పేరే చేతులు. తోటివాళ్ళు చేతులక్క అంటారు. మాస్టరుకి ఆ 'అక్క' కూడా బరువే.

"చూడు," అన్నాడాయన, మేనేజరు ఒంటి మీది కోటు చంక పట్టుకు లాగుతూ. "ఇన్నేళ్ళు నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా? పరాయి మనిషి ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆమె చంక వంక చూసింది. కుట్టు తిన్నగానే ఉంది. ముడత లేదు, జారడం లేదు. అయినా "తప్పయిపోయిందండి," అంది.

"అతికించడంలో తేడా సార్. కోత నాది. కోతలో తేడా రాదు." మాస్టరు కోటు విప్పించి ఆమె చేతుల్లోకి విసిరాడు. "మొత్తం విప్పి మళ్ళీ అతికించు. నీ చేత్తో చేసిన పాపం నీ చేత్తోనే కడుక్కో."

మేనేజరు వారం గడువిచ్చి వెళ్ళిపోయాడు. మిషన్లు మళ్ళీ మోగాయి. ఎవరూ తలెత్తలేదు. తలెత్తకుండా కుట్టడం ఆ షాపులో అందరికీ బాగా వచ్చిన విద్య.

తప్పు తనదో కాదో ఆమెకు తెలియదు. తెలిసే వీలు లేదు. కోటంటే ఆమె వరకు రెండు చేతులు. జేబులు కుట్టే ముసలాయన ఇంకొకడు. ఆయన్ని జేబులాయన అంటారు. కాలరు ఒకరిది, కాజాలు ఒకరివి, అస్తరు ఒకరిది. ఒకరి ముక్క ఒకరు ముట్టుకోకూడదు. గుడ్డ కోసేది మాస్టరు ఒక్కడే. అది కూడా లోపలి గదిలో, తలుపు వేసుకుని. తలుపు సందులోంచి కత్తెర చప్పుడు వినిపించేది, అంతే.

మాస్టరు వాళ్ళని పనివాళ్ళు అనడు. శిష్యులు అంటాడు. ఆ మాటలో చాలా సౌకర్యం ఉంది. పనివాడైతే జీతం పెంచమంటాడు, శిష్యుడు అడగలేడు. పనివాడు ఇంకో షాపుకు పోతాడు, శిష్యుడు పోతే ద్రోహి అవుతాడు. పైగా ఎక్కడికని పోతారు? జేబులు మాత్రమే వచ్చినవాణ్ణి, చేతులు మాత్రమే వచ్చినదాన్ని పెట్టుకునే షాపు ఇంకెక్కడుంది? ఒక పూర్తి మనిషికి తొడిగే బట్టను అన్నేసి ముక్కలుగా పంచి, ఏ ఒక్కరి చేతిలోనూ బట్ట లేకుండా చేయడమే ఆయనకు నిజంగా వచ్చిన కోత. మిగిలినవన్నీ నోటితో కోసేవే.

జేబులాయనకు మాత్రం ఒక హాస్యం ఉండేది. "కోట్లలో పని చేస్తాం అక్కా, మన జేబులో చూస్తే దారం," అనేవాడు. ఏళ్ళ తరబడి అదే మాట, అదే నవ్వు. ఆ నవ్వు అయిపోగానే వంగి ఇంకో జేబు అందుకునేవాడు.

ఆ సాయంత్రం షాపు మూసే ముందు ఆమె మాస్టరు దగ్గరకెళ్ళి నిలబడింది. పొద్దున తిట్లు తిన్న మనిషి సాయంత్రం మేలు అడగడం వింతే. కానీ చాలా రోజులుగా మనసులో పెట్టుకున్న మాట. ఆయన కోపం తన మీద ఇంకా పెరిగిపోక ముందే అడిగేయాలనిపించింది.

"మా అమ్మాయి చదువు ఈ ఏటితో ఆపేస్తోందండి. మీ దగ్గర పెడదామని."

మాస్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముఖం అలా విప్పారుతుంది. ఇవ్వబోతున్నందుకు కాదు, అడిగించుకున్నందుకు.

"మన దర్జీల సంఘంవాళ్ళు నాకు సన్మానం చేస్తున్నారు, తెలుసుగా. 'ఉత్తమ గురువు' అని ఫలకం ఇస్తున్నారు. ఆ రోజు అమ్మాయిని తీసుకురా. అందరి ముందు వేదిక మీద శిష్యురాలిగా స్వీకరిస్తాను. మొదట్లో జీతం మాట ఎత్తకూడదు. విద్యకి జీతమేంటి? కాజాలతో మొదలుపెడుతుంది."

"మీ దయండి," అంది ఆమె. నిజంగానే ఆ మాట ఆమె గుండెలోంచి వచ్చింది. ఇంతకంటే అవమానం ఇంకొకటి లేదు. అది ఆమెకు తెలియలేదు కూడా.

*

కోట్ల మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి బయలుదేరింది. విప్పి మళ్ళీ అతికిస్తే బాగుపడుతుందా? ఇప్పుడు చేయబోయేదే కదా అప్పుడూ చేసింది. కోటు మళ్ళీ పైకి లేస్తే?

వీధి మలుపులో, ఒక మేడ మెట్ల కింది గదిలో, పాత బట్టలు సరిచేసే ముసలామె ఉండేది. లావెక్కినవాళ్ళకు పక్కలు వదులు చేయడం, అన్నగారి ప్యాంటు తమ్ముడికి తగ్గించడం, చిరిగినచోట అతుకు వేయడం ఆమె బతుకు. షాపులో అందరూ ఆమెను అతుకులమ్మ అంటారు. మాస్టరు అయితే ఆమె గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు ముక్కు మీద చేతిరుమాలు పెట్టుకుంటాడు.

చేతులక్క ఆ గది ముందు ఆగింది. లోపలికి వెళ్ళాలంటే వంగాలి. వంగింది.

"ఏమ్మా, ఏంటి మోసుకొచ్చావు?" అంది ముసలామె తలెత్తకుండా.

"చేతులు సరిగ్గా కూర్చోవడం లేదండి. ఒకసారి చూస్తారేమోనని."

"ఎవరు కోశారు?"

"కుట్టింది నేనేనండి."

"కుట్టిందెవరని అడిగానా? కోసిందెవరు?"

"మా మాస్టారు."

ముసలామె ఏదో చప్పుడు చేసింది. దగ్గో నవ్వో తెలియలేదు. "తొడుక్కో," అంది. చేతులక్క కోటు తొడుక్కుంది. ఇన్నేళ్ళలో తను చేతులు పెట్టిన కోటును ఒంటి మీద వేసుకోవడం అదే మొదటిసారి. "చెయ్యెత్తు." ఎత్తింది. కోటు లేచింది. ముసలామె బ్లేడు తీసుకుని చంక కింద కుట్టు పర్రున విప్పేసింది. "ఇప్పుడెత్తు."

చెయ్యి హాయిగా పైకి వెళ్ళింది. కోటు కదల్లేదు. విప్పినచోట మాత్రం పడవ ఆకారంలో ఒక ఖాళీ నోరు తెరిచింది.

"ఆ కన్నం చూశావా? అంత గుడ్డ అక్కడ ఉండాలి. మీ మాస్టరు కత్తెర దాన్ని తినేసింది. చంక లోతుగా కోస్తే చెయ్యి ఆడుతుందనుకున్నాడు మహానుభావుడు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి అంత కట్టేసినట్టుంటుంది. అది పైన, ఒంటికి దగ్గరగా ఉండాలి."

చేతులక్క ఆ ఖాళీలోకి వేళ్ళు పెట్టి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "అయితే తప్పు నాది కాదన్నమాట," అంది.

"కాదు. కానీ చేతులు అతికిస్తూ ఇన్నేళ్ళు కూర్చుని, ఆ చెయ్యి దూరే కన్నం ఎలా కోస్తారో ఒక్కరోజూ అడక్కపోవడం మాత్రం నీదే."

"అడిగానండి. చేరిన కొత్తలో. తొందరపడకు, వేళ వస్తుంది అన్నారు."

"వచ్చిందా?"

ఆమె విప్పిన చంక అంచులను వేళ్ళతో దగ్గరకు లాగి పట్టుకుంది.

"వేళ నీ దగ్గరకు నడిచొస్తుందని కూర్చున్నావు. బాగానే ఉంది," అంది ముసలామె. దయలేని మాటే. కానీ అంటూనే ఒక కోటు అంచు తిరగేసి, లోపల మడిచి ఉన్న గుడ్డను చూపించింది. అక్కడి నుంచి ఎంత తీసి చంకలో ఎలా పెట్టాలో, కుట్టు బయటికి కనబడకుండా ఎలా దాచాలో, ఒక కోటుకి తనే చేసి చూపించింది. రెండోది చేతులక్క చేత చేయించింది. ఆమె తప్పు చేసింది. ముసలామె చూస్తూ ఊరుకుంది. కుట్టంతా అయ్యాక, "తొడుక్కో," అంది. తొడుక్కుంటే తప్పు ఎక్కడుందో ఒంటికే తెలిసింది.

"ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్తే మళ్ళీ చేసేదానివి."

వెళ్ళేముందు చేతులక్క గుమ్మంలో నిలబడి, "నాకు నేర్పుతారా?" అని అడిగింది.

"నా దగ్గర విప్పాల్సిన బట్టలు గుట్టగా పడున్నాయి. నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. సాయంత్రాలు వచ్చి విప్పు. విప్పుతూ అడుగు. తెలిసింది చెప్తా. తెలీనిది తెలీదంటా. నాకిది ఎవరూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పలేదు. ఊళ్ళో దర్జీలందరూ చేసిన తప్పులు నా దగ్గరకొచ్చాయి, వాటిని విప్పీ విప్పీ తెలుసుకున్నా. ఇంకొకటి. గురువుగారూ, కాళ్ళకు దణ్ణం, ఇలాంటివి మొదలుపెట్టావంటే ఈ గదిలోకి మళ్ళీ రాకు. నాకు చిరాకు."

*

కోట్లు వారంలోపే బాగుపడ్డాయి. మేనేజరు వచ్చి చెయ్యి ఎత్తి, దించి, పక్కకు చాపి, సంతోషంగా తల ఊపాడు. చంకలో పెట్టిన ముక్కను మాస్టరే చూపించాడు.

"ఇది మా ఇంటి పద్ధతి సార్. బయట ఎవరికీ తెలీదు. దగ్గరుండి చేయించాను."

దగ్గరుండడం మాట అటుంచి, ఆ ముక్క అక్కడ ఉందని ఆయనకు తెలిసింది ఆ పొద్దునే. చేతులక్క పక్కనే నిలబడి ఉంది. ఆమె వైపు ఆయన చూడనైనా లేదు. అబద్ధం చెప్పేటప్పుడు కనీసం ఆమెను పక్కకు పంపాలన్న సిగ్గు కూడా ఆయనకు అవసరం పడలేదు. తన శిష్యుల ముందు ఏ మనిషీ బట్టలు కట్టుకోనక్కర్లేదని ఆయన నమ్మకం.

సాయంత్రాలు ఆమె మెట్ల కింది గదిలో గడిపింది. మొదట్లో ఒక్కతే వెళ్ళేది. తరవాత కూతురు కూడా వెంట వచ్చింది. నీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు వేసే భర్త, "ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావే," అని ఒకసారి అన్నాడు. మాస్టరు పిల్లను తీసుకుంటానన్నాడని మాత్రం ట్యాంకు దగ్గరికి వచ్చే ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ముసలామె పాత దినపత్రిక పరిచి, దాని మీద సుద్దముక్కతో గీయించేది. ఛాతీ, భుజం, మెడ, వీపు. "ముందు మనిషిని చూడు, తరవాత గుడ్డని చూడు," అనేది. కొలత ఎందుకు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో అడిగితే చెప్పేది. ఒక రోజు పిల్ల, "గూని ఉన్నవాళ్ళకి వీపు ఎలా గీస్తారు మామ్మా?" అని అడిగింది. ముసలామె, "నాకు తెలీదు. ఎప్పుడూ కోయలేదు. ఈసారి ఎవరైనా అలాంటివాళ్ళ చొక్కా వస్తే ముగ్గురం కలిసి విప్పి చూద్దాం," అంది.

చేతులక్క చేతిలో బ్లేడు ఆగిపోయింది. నేర్పేవాళ్ళ నోటి నుంచి 'నాకు తెలీదు' అన్న మాట వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట విన్నాక ముసలామె మీద గౌరవం తగ్గుతుందేమోనని చూసుకుంది. తగ్గలేదు. అంతకుముందు చెప్పినవన్నీ ఇంకా గట్టిగా నమ్మాలనిపించింది.

ఇంటికి వెళ్తూ పిల్ల అడిగింది. "అమ్మా, మీ మాస్టరు నీకేం నేర్పాడు?"

"చేతులు."

"ఎన్ని రోజులు పట్టింది?"

"ఒక నెల. నెలన్నర."

"మరి ఆ తరవాత ఇన్నేళ్ళూ?"

"ఆ తరవాత చేతులే కుట్టాను."

పిల్ల ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

హోటల్ నుంచి ఇంకో దఫా కోట్లకు ఆర్డరు వచ్చింది. కోత గదిలోంచి వచ్చిన మొదటి ముక్కలను చేతిలోకి తీసుకోగానే చేతులక్కకు తెలిసిపోయింది. చంక మళ్ళీ అంతే లోతు. ఇప్పుడు చూస్తే ఆ తప్పు గుడ్డ మీద అరుస్తున్నట్టుంది. ఆమె కాసేపు ముక్కలు ముందేసుకుని కూర్చుంది. తరవాత లేచి, అవి పట్టుకుని కోత గది దగ్గరకు వెళ్ళింది. తలుపు కొట్టింది. లోపల రేడియో పాడుతోంది. ఎవరూ పలకలేదు. తోసింది.

మాస్టరు బల్ల మీద వంగి ఉన్నాడు. గుడ్డ మీద ఒక అట్టముక్క పెట్టి, దాని చుట్టూ సుద్దతో గీత తిప్పుతున్నాడు. గోడ నిండా మేకులకు అలాంటి అట్టలే వేలాడుతున్నాయి. చెమటకు, చేతులకు నల్లబడిపోయిన పాత అట్టలు. ఒక్కొక్క దాని మీద ఎవరిదో పాతకాలపు చేతిరాత. మెడలో ఉన్న టేపు గుడ్డను తాకలేదు. ఒంటిని కొలిచిన కొలతకూ, బల్ల మీది గీతకూ ఏ సంబంధమూ లేదు. పొట్టివాడికీ పొడుగువాడికీ అవే అట్టలు. అంచుల్లో కొంచెం అటు, కొంచెం ఇటు. మాస్టరు మామగారు పోతూ పోతూ షాపుతోపాటు ఇచ్చిన అట్టలు అవి. వాటిని ఎలా తయారుచేశారో ఆ మామగారు అల్లుడికి చెప్పలేదు. అల్లుడు అడగలేదు.

ఇన్నేళ్ళు తలుపేసుకుని దాచిన విద్య అది. చిన్నపిల్లలు పలక మీద గిన్నె బోర్లించి సున్నా చుట్టడం లాంటిది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" మాస్టరు రెండు చేతులూ చాపి అట్టను కప్పేశాడు. ఆయన ముఖం చూస్తే ఆమెకు మొదట భయం వేసింది. తరవాత ఆ భయంలోనే ఇంకేదో కలిసింది. ఆయన కూడా భయపడ్డాడు. అంత పెద్ద మనిషి, ఒక అట్టముక్క మీద బోర్లా పడి, తన దగ్గర చేతులు కుట్టే ఆడదాన్ని చూసి భయపడ్డాడు.

"చంక లోతు ఎక్కువైందండి మాస్టారూ. కాస్త పైకి తీసుకుంటే..."

"చంక నీకెందుకు? నీకు ఇచ్చింది చేతులు. చేతుల వరకే చూసుకో. పో."

ఆమె బయటికొచ్చి, జేబులాయన పక్కన కూర్చుంది. చూసినది చెప్పలేదు. ఇంకో మాట అడిగింది.

"బాబాయ్, నీకు జేబులు వచ్చు. నాకు చేతులు వచ్చు. కాలరు కుట్టే తమ్ముడున్నాడు. సెలవు రోజు అందరం అతుకులమ్మ గదిలో కూర్చుని ఎవరి పని వాళ్ళు మిగతావాళ్ళకి చూపిస్తే, తలా ఒక కోటు మొత్తం కుట్టడం వచ్చేస్తుంది. కోత ఆవిడ చెప్తుంది."

జేబులాయన సూది పట్టిన చెయ్యి ఆపేశాడు. కోత గది తలుపు వైపు చూశాడు. "గురుద్రోహం అక్కా. అలాంటి మాటలు అనకు," అన్నాడు.

"మీ అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కోటు ఎక్కడ కొన్నావు?"

"ఇక్కడే. మాస్టారు దగ్గరే. వాయిదాల్లో ఇచ్చారు పాపం." చెబుతుంటే ఆయన కళ్ళలో కృతజ్ఞత కనబడింది. వేల జేబులు కుట్టిన మనిషి, కొడుక్కి ఒక్క కోటు కుట్టలేక, తన జేబులే ఉన్న కోటును జీతంలో కోయించుకుని కొన్నాడు. దానికి ఆయన దణ్ణం పెడుతున్నాడు. చేతులక్కకు ఆయన మీద జాలి రావాలి. రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలో సగం, కొద్ది రోజుల క్రితం మీ దయండి అన్న తన మీద.

*

సన్మానం ఒక అద్దె హాల్లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, కీచుమనే మైకు, వేదిక మీద బల్లకి కొత్త గుడ్డ. ఆ గుడ్డ అంచు కుట్టింది అస్తరు కుట్టే అమ్మాయి. జీతం లేకుండా, శిష్యభావంతో.

గుడ్డల వ్యాపారి ఒకాయన లేచి, మాస్టరు ఎన్ని కుటుంబాలకు దారి చూపించారో చెప్పాడు. సంఘం కార్యదర్శి, ఇలాంటి గురువులు ఇక పుట్టరన్నాడు. అంతవరకు ఆయన నోట వచ్చిన మంచిమాట అదొక్కటే. తరవాత మాస్టరు ఫలకం గుండెకు ఆనించుకుని మైకు అందుకున్నాడు.

"నా దగ్గర దాపరికం లేదు. నాకు తెలిసింది నా పిల్లలకు, అంటే నా శిష్యులకు, పూర్తిగా ధారపోశాను. వాళ్ళ ముఖాల్లో వెలుగే నా సంపాదన." ముందు వరసలో కూర్చున్న శిష్యులు చప్పట్లు కొట్టారు. అరచేతుల్లో సూది పొడిచిన మచ్చలున్న చేతులు అవి, బాగా మోగాయి. "ఇవాళ ఇంకో బిడ్డను స్వీకరిస్తున్నాను. తల్లి కూడా నా శిష్యురాలే. రామ్మా, పిల్లని తీసుకురా."

చేతులక్క లేచింది. పిల్ల లేచింది. భర్త ఉతికిన చొక్కాలో వెనక వరసలో కూర్చుని పక్కవాళ్ళకు వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఇద్దరూ వేదిక మెట్ల దాకా నడిచారు. అక్కడ తల్లి ఆగింది. పిల్ల చెయ్యి ఆమె చేతిలో ఉంది.

"పైకి రా," అన్నాడు మాస్టరు మైకులో.

"మా అమ్మాయి రాదండీ."

మైకు ఆమె ముందు లేదు కాబట్టి వెనకవాళ్ళకు వినబడలేదు. మాస్టరుకు వినబడింది. ఆయన నవ్వు అలాగే ఉంచి, మైకు కొంచెం పక్కకు తిప్పి, "ఏంటి?" అన్నాడు.

"కాజాలకు పంపించనండి."

"ఎందుకని?"

అట్టల గురించి చెప్పొచ్చు. చంక గురించి చెప్పొచ్చు. హాలంతా వినేలా అరవొచ్చు. వస్తూ దారిలో ఆమె అవన్నీ అనుకుంది కూడా. తీరా నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"మీరు నేర్పరు కదండీ," అంది. తిట్టినట్టు కాదు. చీకటి పడిందనో, నీళ్ళు అయిపోయాయనో చెప్పినట్టు అంది.

మాస్టరు మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పిల్ల భయపడుతోంది పాపం. సభ అంటే బెరుకు. సరే, తరవాత చూద్దాం," అని అందరికీ చెప్పాడు. అందరూ ముచ్చటగా నవ్వారు. జేబులాయన తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళు కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి పోయారు. భర్త వెంటపడి వచ్చి గుమ్మంలో చెయ్యి పట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? రేపటి నుంచి ఏం తింటాం?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమె చెయ్యి విడిపించుకుని పిల్లతో వీధిలోకి నడిచింది.

*

మర్నాడు పొద్దున ఆమె షాపుకు వెళ్ళింది. తన కత్తెర, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే తన అంగుస్తాను తెచ్చుకోవాలి. తనని ఉంచుకుంటారన్న ఆశ లేదు. అయినా తన స్టూలు మీద అప్పుడే ఇంకొకరు కూర్చుని ఉంటారని అనుకోలేదు.

పద్దెనిమిదేళ్ళుంటాయేమో, సన్నటి పిల్ల. ఎక్కడ దొరికిందో ఏమో, రాత్రికి రాత్రి దొరికింది. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటారన్న ధైర్యం మీదే మాస్టరు బతుకుతున్నాడు. కొత్త ఫలకం గల్లా బల్ల వెనక గోడకు ఎక్కింది. దాని కింద ఆయన కూర్చుని, మేకు కొడుతుంటే దెబ్బ తగిలిన బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"నీ సామాను తీసుకుని వెళ్ళు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఇన్నేళ్ళు పాలు పోసి పెంచినందుకు బాగా బుద్ధి చెప్పావు."

ఆమె మిషను దగ్గరకు వెళ్ళి సొరుగు తెరిచింది. కత్తెర సంచిలో వేసుకుంది. అంగుస్తాను వేలికి పెట్టుకుంది, అది అలవాటు. కొత్తపిల్ల ఒక చెయ్యిని కోటుకు ఆనించి, తీసి, తిప్పి, మళ్ళీ ఆనించి చూస్తోంది. రెండు చేతులూ ఒకేలా కనబడుతున్నాయి ఆ పిల్లకు. ఏది కుడి, ఏది ఎడమ అన్నది తెలియడం లేదు. అడగడానికి భయం. చెమట చుక్క ఒకటి గుడ్డ మీద పడబోతే మోచేత్తో తుడుచుకుంది.

చేతులక్క సంచి కింద పెట్టింది.

"ఒకసారి లే. లేచి నిలబడు," అంది మెల్లగా. "చేతులు వదిలెయ్. ఊరికే వేలాడనీ. ఇప్పుడు చూసుకో. నీ చెయ్యి తిన్నగా కిందికి ఉందా, ముందుకి వంగి ఉందా?"

పిల్ల చూసుకుంది. "కొంచెం ముందుకి ఉందక్కా."

"ఎవరిదైనా అంతే. కాబట్టి గుడ్డ ఎటు వంగి ఉందో అది ముందు. అలా పెట్టి చూడు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కాలరు కుట్టేవాడు తలెత్తాడు. మాస్టరు బొటనవేలు నోట్లోంచి తీశాడు.

"నేర్పక్కర్లేదు. ఆ పిల్లకు నేను చెప్పుకుంటాను. నువ్వు బయటికి నడు."

"నడుస్తానండి," అంది ఆమె. ఇంకో స్టూలు లాక్కుని కొత్తపిల్ల పక్కన కూర్చుంది. "ఇదొక్కటి అయ్యాక."

గల్లా బల్ల వెనక కుర్చీ జరిగిన చప్పుడు అయింది. మాస్టరు లేచి వస్తున్నాడు. ఆమె తల తిప్పలేదు. కోటును తిరగేసి, చంక దగ్గర గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని పిల్లకు చూపించింది.

"ఇక్కడ చూడు," అంది. "ఇది ఎందుకు ఇలా ఉందో ముందు అడుగు."